ట్యూన్ పైన, కార్డ్ కింద: ఒక్క గిటార్ మీద రెండూ

ప్రశ్న: గిటార్ మొదలుపెట్టి ఏడెనిమిది నెలలైంది. సి, జి, డి, ఏ మైనర్, ఈ మైనర్ కార్డ్స్ ఆగకుండా మారుస్తూ స్ట్రమ్మింగ్ చేయగలను. ఎఫ్ ఇంకా సరిగ్గా పలకడం లేదు. పాట ట్యూన్‌ని విడిగా ఒక్కో నోటు వెతుక్కుని వాయించడం కూడా వచ్చింది. రెండూ కలిపి వాయించబోతే మాత్రం అంతా చెడుతోంది. కార్డ్ పట్టుకుంటే ట్యూన్‌కి వేళ్లు మిగలవు. ట్యూన్ వాయిస్తే కార్డ్ వదిలేయాల్సి వస్తుంది. ఒక వీడియో చూసి, దాని ట్యాబ్ (ఏ తీగని ఎక్కడ నొక్కాలో అంకెల్లో రాసిన కాగితం) ముందు పెట్టుకుని రెండు నెలలుగా సాధన చేస్తున్నాను, మొదటి రెండు వరసలు దాటలేదు. ఆ కాస్తా రికార్డ్ చేసి ఇంట్లో వినిపిస్తే అది ఏ పాటో ఎవరూ గుర్తుపట్టలేదు. నా వేళ్లు పొట్టివి, అదే కారణమా? పిక్ మానేసి వేళ్లతో మొదలుపెట్టాలా? లేక ఇది ఇంకో రెండేళ్లు పోయాక ముట్టుకోవాల్సిన పనా?

సమాధానం: మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం, ఇంట్లో వాళ్లు పాటను గుర్తుపట్టలేదన్నది. చిక్కు ఎక్కడుందో అదే చెబుతోంది. మీరు ముందు కార్డ్‌ని నిండుగా పట్టుకుని, దానిలో ఎక్కడో ఒకచోట ట్యూన్‌ని ఇరికించాలని చూస్తున్నారు. పనిని తిరగేయండి. ముందు ట్యూన్ రావాలి. దాని కింద ఎంత చోటు మిగిలితే అంత మేరకే కార్డ్ రావాలి. మొదట్లో ఆ చోట్లో పట్టేది చాలాసార్లు ఒక్క బేస్ నోటే, అంటే అన్నిటికన్నా కింది స్థాయిలో మోగే నోటే. అది చాలు, నిజంగా చాలు. రెండేళ్లు ఆగక్కర్లేదు. సి, జి, ఏ మైనర్ తెలిసి, ట్యూన్ వెతుక్కోవడం వచ్చిన మనిషి ఈ పని ఇవాళే మొదలుపెట్టవచ్చు.

బేస్ నోటు ఒక్కటీ ఎలా చాలుతుందో తెలియాలంటే మీరు రోజూ పట్టే సి కార్డ్‌ని కాస్త దగ్గర్నుంచి చూడండి. అందులో ఐదు తీగలు మోగుతాయి. లావు తీగ వైపు నుంచి వరసగా సి, ఈ, జి, మళ్లీ సి, మళ్లీ ఈ. తీగలు ఐదు, నోట్స్ మూడే. ఓపెన్ జి కార్డ్‌లో ఆరు తీగలూ మోగుతాయి: జి, బి, డి, జి, బి, జి. అక్కడా మూడే. ఎవరో పాడుతుంటే వెనక స్ట్రమ్ చేసేటప్పుడు ఈ నిండుదనం బాగుంటుంది. పాటను కూడా గిటారే పలకాల్సి వచ్చినప్పుడు రెండోసారి వచ్చే నోట్స్ అన్నీ అడ్డమే. వాటిని తీసేస్తే కార్డ్‌కి పోయేదేమీ లేదు. ఇంకా తగ్గించి, బేస్‌లో సి, ట్యూన్‌లో ఈ మాత్రం కలిపి మోగించి చూడండి. మధ్యలో జి లేకపోయినా చెవి దాన్ని సి మేజర్‌గానే వింటుంది. అందుకు ఎడమ చేతి నుంచి కావాల్సింది ఒక్క వేలు: 5వ తీగ 3వ ఫ్రెట్ (మెడ మీద అడ్డ గీతల మధ్య ఉండే గడి) మీద. 1వ తీగ ఓపెన్‌గానే, అంటే ఏ వేలూ నొక్కకుండానే, ఈ పలుకుతుంది. మిగతా మూడు వేళ్లూ ఖాళీ.

ఇక్కడ తీగల లెక్క చెప్పేస్తాను. 1వ తీగ అన్నిటికన్నా సన్నటిది, 6వది అన్నిటికన్నా లావుది. నోట్స్ గురించి నేను 'పైన' అన్నప్పుడల్లా స్థాయిలో పైన అని అర్థం. ఒళ్లో గిటార్ పెట్టుకుంటే సన్న తీగ నేల వైపే ఉంటుంది, దానితో తికమక పడకండి.

చెవి విషయం కూడా ఒకటుంది. నాలుగైదు నోట్స్ కలిసి మోగినప్పుడు చెవి మామూలుగా అన్నిటికన్నా పై స్థాయిలో ఉన్నదాన్నే ట్యూన్ అనుకుంటుంది. అందుకే ఈ తరహా వాయింపులో ట్యూన్‌ని 1, 2, 3 తీగల మీద ఉంచి, బేస్‌ని 4, 5, 6 తీగలకు ఇస్తారు. ఇప్పుడు మీ వాయింపు ఆలోచించండి. ట్యూన్‌లో డి వచ్చింది, అది 2వ తీగ మీద ఉంది. మీరు అలవాటుగా 1వ తీగ దాకా స్ట్రమ్ చేశారు. అక్కడ ఓపెన్‌గా ఉన్న ఈ కూడా మోగింది. మీ మనసులో ట్యూన్ డి. వినేవాళ్ల చెవిలో ట్యూన్ ఈ. ఇలా నాలుగైదు చోట్ల జరిగితే ఇంట్లో వాళ్లు ఏ పాటో ఎలా గుర్తుపడతారు? నోట్స్ అన్నీ మీరు సరిగ్గానే వాయించి ఉండొచ్చు. వాటి పైన ఇంకేదో మోగుతోంది, అంతే. కాబట్టి మొదటి నియమం: ట్యూన్ ఏ తీగ మీద ఉందో ఆ తీగే చివరిది. దానికన్నా సన్న తీగ ఏదీ ఆ క్షణంలో మోగకూడదు.

దీన్ని చేత్తో చేసి చూడటానికి ఒక చిన్న ట్యూన్ కట్టి ఇస్తున్నాను. నాలుగు బార్లు, బార్‌కి నాలుగు బీట్లు. సి ని షడ్జమం అనుకుంటే స్వరాలు ఇవి:

గ గ రి స | స ని స గ | రి రి ని రి | స

ని మాత్రం స కి కింద ఉన్నది. చివరి స నాలుగు బీట్లూ మోగాలి. గిటార్ నోట్స్‌లో ఇది ఈ ఈ డి సి, తర్వాత సి బి సి ఈ, తర్వాత డి డి బి డి, చివరికి సి. ఈ అంటే 1వ తీగ ఓపెన్. డి 2వ తీగ 3వ ఫ్రెట్, సి అదే తీగ 1వ ఫ్రెట్, బి అదే తీగ ఓపెన్. మొత్తం ట్యూన్‌కి రెండు తీగలు, రెండు ఫ్రెట్లు సరిపోయాయి.

ముందు గొంతుతో పాడండి. గొంతు బాగుండక్కర్లేదు, ట్యూన్ మనసులో నిలబడాలి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలనిపిస్తుందో, ఎక్కడ గొంతు ఆగుతుందో తెలియాలి. తర్వాత ఒక్క ట్యూన్‌నే వాయించండి. ఇక్కడ ఒక పట్టుదల కావాలి: సి ని చూపుడువేలితో, డి ని చిటికెన వేలితో పట్టుకోండి. డి కి ఉంగరపు వేలు వాడటం తేలిక అనిపిస్తుంది, అయినా వాడకండి. ఉంగరపు వేలికి కాసేపట్లో వేరే పని పడుతుంది. మొదటిరోజే ఈ ఏర్పాటు చేసుకుంటే తర్వాత చేతిని మళ్లీ నేర్పుకోనక్కర్లేదు.

ట్యూన్ తడబడకుండా వస్తున్నప్పుడు ప్రతి బార్ మొదటి బీట్ మీద మాత్రం ఒక బేస్ నోటు చేర్చండి. మొదటి బార్‌కి సి: 5వ తీగ 3వ ఫ్రెట్, ఉంగరపు వేలు. రెండో బార్‌కి ఏ: 5వ తీగ ఓపెన్. మూడో బార్‌కి జి: 6వ తీగ 3వ ఫ్రెట్, మళ్లీ ఉంగరపు వేలు. నాలుగో బార్‌కి సి. కుడి చేతి బొటనవేలు బేస్‌ని, ఇంకో వేలు ట్యూన్ తీగని ఒకేసారి గిల్లాలి. బొటనవేలు కిందికి, వేలు పైకి, రెండూ ఒకే క్షణంలో. మిగతా మూడు బీట్లు ట్యూన్ ఒక్కటే నడుస్తుంది, బేస్ దానంతట అది మోగుతూ ఉంటుంది. ఎడమ చేతి వేలు ఎత్తకపోతేనే అది మోగుతుందని గుర్తుంచుకోండి. కొత్తవాళ్లు కొట్టిన వెంటనే వేలు ఎత్తేస్తారు. బేస్ 'టక్' మని తెగిపోతుంది, వాయింపు పొడిగా వినిపిస్తుంది.

మొదటి బార్‌లో మూడో బీట్ దగ్గర కాస్త ఆగి చూద్దాం, నేర్చుకోవాల్సింది అక్కడ చాలా ఉంది. మొదటి రెండు బీట్లూ ఈ, అంటే ఓపెన్ తీగ. ఆ సమయంలో ఎడమ చేతికి బేస్ పట్టుకోవడం తప్ప పని లేదు. ఆ ఖాళీలోనే చూపుడువేలిని 2వ తీగ 1వ ఫ్రెట్ మీద ముందుగా పెట్టేసుకోండి. మూడో బీట్‌కి చిటికెన వేలు అదే తీగ 3వ ఫ్రెట్ మీద దిగుతుంది, డి పలుకుతుంది. నాలుగో బీట్‌కి చిటికెన వేలు ఎత్తితే చాలు, కింద సి సిద్ధంగా ఉంది. కొత్తగా వేలు వెతకడం లేదు, పరుగు లేదు. ఇంకో సూక్ష్మం: డి పట్టుకునేటప్పుడు చిటికెన వేలిని కొంచెం పడుకోబెట్టి, దాని లోపలి వైపు 1వ తీగకి లీలగా తగిలేలా చూడండి. అంతకుముందు మోగుతున్న ఈ అక్కడితో ఆగిపోతుంది. ఆపకపోతే డి పలుకుతున్నప్పుడు కూడా పైన ఈ గుంయ్ మంటూనే ఉంటుంది. ఇందాక చెప్పిన ఇబ్బందే మళ్లీ వస్తుంది.

బార్ మారే చోట్ల కూడా ఇలాంటి వెసులుబాట్లు ఉన్నాయి. మొదటి బార్ నుంచి రెండోదానికి ఉంగరపు వేలు ఎత్తితే చాలు, 5వ తీగ ఓపెన్ ఏ అవుతుంది, చూపుడువేలు ఉన్నచోటే ఉంటుంది. రెండో బార్ చివర ఈ వస్తుంది, మళ్లీ ఓపెన్ తీగ. ఆ ఒక్క బీట్ ఎడమ చేతికి సెలవు. అప్పుడే ఉంగరపు వేలిని 6వ తీగ 3వ ఫ్రెట్ మీదికి, చిటికెన వేలిని 2వ తీగ 3వ ఫ్రెట్ మీదికి చేర్చండి. రెండూ ఒకే ఫ్రెట్‌లో ఉంటాయి కాబట్టి చెయ్యి సాగదీయాల్సిన పని లేదు. మూడు నుంచి నాలుగుకి ఉంగరపు వేలు అదే ఫ్రెట్‌లో 6వ తీగ నుంచి 5వ తీగకి జరుగుతుంది, చూపుడువేలు 1వ ఫ్రెట్‌లో దిగుతుంది. ఏ ట్యూన్ తీసుకున్నా ముందు ఇలా వెతకండి: ఓపెన్ తీగ ఎక్కడ వస్తోంది, ఏ వేలు కదలకుండా ఉండగలదు, ఏ వేలు ఒకే ఫ్రెట్‌లో పక్కకి జరిగితే సరిపోతుంది. మీరు ఆ ట్యాబ్‌తో పడిన కష్టంలో చాలాభాగం ఈ వెతుకులాట లేకపోవడం వల్లే అని నా నమ్మకం.

సాధన చేసేటప్పుడు నాలుగు బార్లనీ మొదటి నుంచి చివరిదాకా పదేపదే వాయించకండి. చెయ్యి ఆగేది బార్ మారే చోట. ఆ చోటునే విడిగా తీసుకోండి. ముందు బార్‌లోని చివరి నోటు, తర్వాతి బార్‌లోని మొదటి గిల్లుడు, ఈ రెండే. మెట్రోనోమ్ 50 దగ్గర పెట్టుకుని అవి రెండూ తేలిగ్గా వచ్చేదాకా తిప్పండి. తర్వాతే మొత్తం కలపండి. వేగం ఎంత తగ్గినా ఫర్వాలేదు, నోటుకీ నోటుకీ మధ్య ఎడం మాత్రం సమానంగా ఉండాలి. నెమ్మదిగా వాయించినా ట్యూన్ తెలుస్తుంది. ఆగి ఆగి వాయిస్తే ఎంత తెలిసిన ట్యూన్ అయినా తెలియదు.

ఇంతవరకు వచ్చాక మధ్య తీగలు చేర్చవచ్చు. చేర్చే చోటు మీకు మీ గొంతే చెప్పింది: పాడేటప్పుడు ఎక్కడ ఆగారో అక్కడ. మన ట్యూన్‌లో అది నాలుగో బార్. మొదటి బీట్‌కి బేస్ సి, ట్యూన్ సి కలిపి గిల్లండి. రెండో బీట్‌కి 3వ తీగ ఓపెన్, మూడో బీట్‌కి 4వ తీగ 2వ ఫ్రెట్, దానికి మధ్యవేలు, నాలుగో బీట్‌కి మళ్లీ 3వ తీగ. చూపుడువేలు కదలకూడదు, ట్యూన్‌లోని స పైన మోగుతూ ఉండాలి. ఒక్కసారిగా రెండు గిటార్లు వాయిస్తున్నట్టు వినిపిస్తుంది, మీరే ఆశ్చర్యపోతారు. మొదటి మూడు బార్లలో మాత్రం మొదటి బీట్ గిల్లుడుకి 3వ తీగ ఓపెన్‌ని కూడా జోడించండి, ఇంకేమీ వద్దు. ఆ ఓపెన్ జి మూడు బార్లలోనూ ఒదుగుతుంది. సి కార్డ్‌లోనూ జి కార్డ్‌లోనూ అది సొంత నోటే. ఏ మైనర్‌తో కలిస్తే ఏ మైనర్ సెవెన్త్ అవుతుంది, ఇంకాస్త మెత్తగా ఉంటుంది.

ప్రతి నోటుకీ ఒక కార్డ్ ఉండాలన్న భయం కొందరిలో చూస్తాను, మీకూ ఉందేమో. అక్కర్లేదు. మొదటి బార్‌లో డి అనే నోటు సి కార్డ్‌లో లేదు. రెండో బార్‌లో బి అనే నోటు ఏ మైనర్‌లో లేదు. అవి ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి పోయే దారిలో వచ్చే నోట్స్, వాటి కోసం కింద ఏమీ మార్చాల్సిన పని లేదు. నిజానికి ట్యూన్‌కి ఆ కదలికే అందం. కార్డ్ మారాలా వద్దా అన్నది బలమైన బీట్ల దగ్గర, ముఖ్యంగా బార్ మొదట్లో చూసుకుంటే చాలు.

వేరే ట్యూన్లలో మీకు ఎదురయ్యేవి మూడు రకాలు. ట్యూన్ నోటు మీరు పట్టిన కార్డ్‌లోనే ఉంటే సమస్యే లేదు. కార్డ్‌లో లేకపోయినా ఖాళీగా ఉన్న వేలికి అందితే, చాలావరకు అది చిటికెన వేలే అవుతుంది, అలాగే తీసుకోండి. మూడో రకం, కార్డ్ వదిలితే తప్ప అందనిది. అక్కడ మొహమాటపడకుండా కార్డ్ వదిలేయండి. బేస్ ఒక్కటి ఉంచగలిగితే ఉంచండి, అదీ కుదరకపోతే దాన్నీ వదిలేయండి. ట్యూన్ ఆగకూడదు, అంతే. కింద ఒకటి రెండు బీట్లు ఖాళీగా ఉన్నా వినేవాళ్లకి పట్టింపు ఉండదు. ట్యూన్ ఆగితే వెంటనే తెలుస్తుంది.

ఇక శబ్దం సంగతి. రెండూ కలిసి వస్తున్నా పాట బయటికి రాకపోవడానికి పెద్ద కారణం బొటనవేలి బలం. బొటనవేలు సహజంగానే గట్టిది, తగిలేది లావు తీగలకి. కుడి చేతిలో ట్యూన్ వాయించే వేలు మెత్తటిది, తగిలేది సన్న తీగకి. వదిలేస్తే బేస్ ఎప్పుడూ ట్యూన్‌ని మింగేస్తుంది. దీనికి ఒక కసరత్తు ఉంది. ఎడమ చేత్తో సి బేస్ పట్టుకుని 5వ తీగనీ 1వ తీగనీ కలిపి గిల్లండి. నాలుగుసార్లు రెండూ సమానంగా, నాలుగుసార్లు ట్యూన్ గట్టిగా బేస్ గుసగుసలా, నాలుగుసార్లు దానికి తిరగేసి. మొదట్లో బొటనవేలిని తగ్గించగానే రెండో వేలు కూడా తగ్గిపోతుంది, రెండూ కవలల్లా ఒకదాన్ని చూసి ఒకటి చేస్తాయి. విడదీయడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. రోజూ ఐదు నిమిషాలు దీనికి ఇవ్వండి. ఇన్ని కసరత్తుల్లో ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. బేస్, ట్యూన్ మాత్రమే వాయిస్తున్నప్పుడు ఇంకో సాయం ఉంది: ట్యూన్ తీగని గిల్లాక ఆ వేలిని పక్కనున్న లావు తీగ మీద వాలనివ్వండి. శబ్దం నిండుగా వస్తుంది. మధ్య తీగలు చేర్చినప్పుడు మాత్రం ఇది కుదరదు, వాలిన వేలు పక్క తీగని మూసేస్తుంది.

పిక్ మానేయాలా అని అడిగారు. సూటిగా చెప్పాలంటే, ఈ పనికి వేళ్లు తేలిక. పిక్ ఒక్కటే ఉంటే 5వ తీగనీ 1వ తీగనీ మధ్యవి తగలకుండా ఒకేసారి మోగించలేరు. వేళ్లకి మామూలు పంపకం ఇది: బొటనవేలికి 4, 5, 6 తీగలు, చూపుడువేలికి 3వది, మధ్యవేలికి 2వది, ఉంగరపు వేలికి 1వది. చిటికెన వేలికి కుడి చేతిలో పని లేదు. ఈ పంపకాన్ని మరీ శాసనంలా పట్టుకోకండి. అమెరికా గిటారిస్ట్ మెర్ల్ ట్రావిస్ బొటనవేలు, చూపుడువేలు ఈ రెండిటితోనే బేసూ ట్యూనూ నడిపించాడు. చెట్ అట్కిన్స్ చిన్నప్పుడు ఆయన్ని రేడియోలో విన్నాడు. చెయ్యి చూడలేదు కాబట్టి ఇంకో వేలు కూడా వాడుతూ తనదైన పద్ధతి తయారు చేసుకున్నాడు. ఇద్దరి వాయింపూ నిలబడింది.

పిక్ మీద ప్రేమ ఉంటే దాన్ని వదలకుండానే మొదలుపెట్టే దారులు రెండున్నాయి. ఒకటి, పిక్‌ని మామూలుగా పట్టుకుని బేస్ తీగలు దానితో కొడుతూ, మధ్యవేలు, ఉంగరపు వేళ్లతో సన్న తీగలు గిల్లడం. దీన్ని హైబ్రిడ్ పికింగ్ అంటారు. రెండోది ట్యూన్‌ని లావు తీగల మీదికి దించేయడం. అమెరికా గిటారిస్ట్ మేబెల్ కార్టర్ 1927లో తన కుటుంబ బృందంతో చేసిన తొలి రికార్డింగ్స్ నుంచీ ఈ పద్ధతికి పేరు. ఆమె బొటనవేలితో ట్యూన్‌ని బేస్ తీగల మీద వాయిస్తూ, నోటుకీ నోటుకీ మధ్య చూపుడువేలితో సన్న తీగల మీద కార్డ్‌ని స్ట్రమ్ చేసేది. పిక్‌తోనూ ఇది చక్కగా వస్తుంది. పైన ఉన్నదే ట్యూన్‌గా వినిపిస్తుందని ఇందాక చెప్పాను కదా, మరి ఇక్కడెలా అని మీకు సందేహం రావచ్చు. ఇక్కడ ట్యూన్, కార్డ్ కలిసి మోగవు, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ట్యూన్‌ని గట్టిగా, స్ట్రమ్‌ని తేలిగ్గా కొడితే చెవి వాటిని విడదీసుకుంటుంది. స్ట్రమ్మింగ్ బాగా వచ్చినవాళ్లకి ఇది దగ్గరి దారి.

వేళ్లతోనే పోదామనుకుంటే కుడి చేతిని విడిగా తయారు చేసుకోవడం మంచిది. ఇటలీ గిటారిస్ట్ మౌరో జూలియాని 19వ శతాబ్దం మొదట్లో కుడి చేతి కోసం 120 కసరత్తులు రాశాడు. ఎడమ చేతికి సి, జి సెవెన్త్ అనే రెండు కార్డ్స్ తప్ప ఇంకో పని పెట్టలేదు. ధ్యాసంతా కుడి చేతి మీదే ఉండాలని ఆయన ఉద్దేశం. అవన్నీ చేయమని చెప్పను. మొదటి కొన్ని చేసినా వేళ్లకి తీగల దారి తెలుస్తుంది.

వేళ్లు పొట్టివన్నారు. పైన ఇచ్చిన ట్యూన్‌లో మీ చెయ్యి మూడో ఫ్రెట్ దాటలేదు. కొత్తవాళ్లకి సరిపడే ఏర్పాట్లు దాదాపు అన్నీ ఇలాగే మూడు నాలుగు ఫ్రెట్లలో ఉంటాయి. వేళ్ల పొడవు కన్నా ఎక్కువ అడ్డుపడేది అరచెయ్యి మెడకి అతుక్కుపోవడం. ఎడమ బొటనవేలు మెడ పైనుంచి తొంగిచూస్తుంటే మిగతా వేళ్ల అందుబాటు సగం పోతుంది. దాన్ని మెడ వెనక మధ్యకి దించండి, గిటార్ తల వైపుని కాస్త పైకి ఎత్తి పట్టుకోండి. చిటికెన వేలు తనంతట తాను 2వ తీగ దాకా వచ్చేస్తుంది. అప్పటికీ లాగుతుంటే 2వ లేదా 3వ ఫ్రెట్ మీద క్యాపో (తీగలన్నిటినీ ఒకే ఫ్రెట్ దగ్గర నొక్కి ఉంచే క్లిప్) పెట్టుకోండి. పైకి పోయేకొద్దీ ఫ్రెట్ల మధ్య దూరం తగ్గుతుంది. పట్టే ఆకారాలు అవే ఉంటాయి, శ్రుతి మాత్రం పెరుగుతుంది. ఎడమ చేతి గోళ్లు పెరిగి ఉంటే కత్తిరించడం మర్చిపోకండి. గోరు అడ్డుపడి వేలు నిలువుగా దిగక, పక్క తీగలు మూసుకుపోతాయి.

ఆ వీడియో ట్యాబ్‌ని పారేయనక్కర్లేదు, కొన్నాళ్లు పక్కన పెట్టండి. ట్యాబ్ మీకు వేలు ఎక్కడ పెట్టాలో చెబుతుంది. ఆ అంకెల్లో ట్యూన్ ఏదో, నింపడానికి వచ్చినవి ఏవో చెప్పదు. మీరు అన్నిటినీ ఒకే బరువుతో వాయించారు. పక్కనే స్వరలిపి కూడా ఉంటే చూడండి, మామూలుగా ట్యూన్ నోట్స్ కాడలు పైకీ, బేస్ నోట్స్ కాడలు కిందికీ ఉంటాయి. అది లేకపోతే ట్యూన్ నెమ్మదిగా పాడుకుంటూ, గొంతుతో కలిసిన అంకెల చుట్టూ పెన్సిల్‌తో గుండ్రాలు చుట్టండి. తర్వాత గుండ్రాల్లోవి మాత్రమే వాయించండి. ఆ తర్వాత బార్‌కి ఒక్క బేస్ నోటు. మిగతావన్నీ ఉన్నాయన్న సంగతే మర్చిపోండి. అలా వాయించి రికార్డ్ చేసి ఇంట్లో వినిపించండి. ఈసారీ గుర్తుపట్టకపోతే ఇంకా చేర్చకండి, ట్యూన్‌ని ఇంకా గట్టిగా, ఇంకా సమానంగా వాయించండి.

ఆ వీడియోలో బొటనవేలు రెండు బేస్ తీగల మీద ఆగకుండా అటూ ఇటూ ఆడుతూ ఉంటే, మీరు రెండు వరసలు దాటకపోవడంలో వింతేమీ లేదు. దాన్ని ఆల్టర్నేటింగ్ బేస్ అంటారు. వినడానికి తేలిగ్గా ఉంటుంది. చేతికి మాత్రం ఇది కొత్త భాష. బొటనవేలు ఆలోచన లేకుండా నడవాలి, పైన ట్యూన్ బీట్ మీదా, బీట్ల మధ్యలోనూ వస్తుండాలి. బేస్, ట్యూన్ మాత్రమే ఉండే ట్యూన్లు ఓ నాలుగైదు మీ చేతిలో పడ్డాక దీని జోలికి వెళ్లండి. అప్పుడు కూడా ముందు సి కార్డ్ మీద బొటనవేలితో 5, 4, 5, 4 తీగలు కొడుతూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి. మాట తడబడుతుంటే ఇంకా సమయం ఉందన్నమాట.

తర్వాతి ట్యూన్ ఎంచుకునేటప్పుడు మూడు చూసుకోండి. నెమ్మదిగా ఉండాలి. బార్ చివర ఊపిరి తీసుకునే చోటు ఉండాలి. మొత్తం ట్యూన్ సన్న తీగలు మూడింటి మీద పట్టాలి. నాలుగో తీగ దాకా దిగిపోయే ట్యూన్ అయితే కింద బేస్‌కి చోటు ఉండదు, దాన్ని ఒక స్థాయి పైకి జరపండి లేదా శ్రుతి మార్చండి. శ్రుతి మార్చేటప్పుడు ఏ, డి, ఈ ల వైపు మొగ్గు చూపండి, మేజర్ అయినా మైనర్ అయినా. ఈ మూడింటికీ మూల నోటు ఓపెన్ తీగల్లోనే ఉంది: ఏ కి 5వది, డి కి 4వది, ఈ కి 6వది. ఆ బేస్‌కి ఎడమ చెయ్యే అక్కర్లేదు, నాలుగు వేళ్లూ ట్యూన్‌కి మిగులుతాయి.

ఎఫ్ పలకడం లేదని కూడా రాశారు. ఈ పద్ధతిలో దానికి చూపుడువేలు అడ్డంగా వేసి నొక్కాల్సిన పనే లేదు. ఎఫ్ బేస్ 4వ తీగ 3వ ఫ్రెట్‌లో ఉంది, ఉంగరపు వేలితో పట్టుకోండి. ట్యూన్‌లో సి వస్తే 2వ తీగ 1వ ఫ్రెట్, ఎఫ్ వస్తే 1వ తీగ 1వ ఫ్రెట్, రెండూ చూపుడువేలికే. ఏ వస్తే 3వ తీగ 2వ ఫ్రెట్, మధ్యవేలు. మన ట్యూన్‌లోనే ప్రయత్నించి చూడండి. రెండో బార్‌లో ఓపెన్ ఏ బదులు ఎఫ్ బేస్ పెట్టి, పైన అవే స్వరాలు వాయించండి: స ని స గ. ఆ బార్‌లో 3వ తీగని మాత్రం కలపకండి. ట్యూన్‌లో ఒక్క నోటు మారదు, ఆ బార్ మొత్తం వేరేగా వినిపిస్తుంది. రెండు రకాలుగానూ రికార్డ్ చేసి పక్కపక్కన వినండి, నచ్చినది ఉంచుకోండి.